వనభోజనానికి ముందు ఒక నడక



కార్తీక మాసం వచ్చిందంటే మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఒక్క ఆదివారం కూడా ఖాళీగా ఉండదు. ఊరి బయట మామిడి తోటల్లో షామియానాలు లేస్తాయి. తెల్లారకముందే పొయ్యిల మీద గంజులెక్కుతాయి. ఉసిరి చెట్టు లేని చోట ఒక కొమ్మ తెచ్చి పాతి, పసుపు కుంకుమ పెట్టి, దీపం వెలిగిస్తారు. ఆ తర్వాత మైకు, ప్రసంగాలు, కుర్చీలాట, పంక్తి భోజనాలు. పొద్దుగూకే వేళకు ఎవరిళ్లకు వాళ్లు చేరతారు. చుట్టాలూ స్నేహితులూ ఏడాదికోసారి కలిసి తినే ఆ పూటంటే నాకూ ఇష్టమే. కానీ ఆ రోజు మొత్తంలో మూడేళ్ల పిల్ల నుంచి పదేళ్ల పిల్లాడి దాకా ఒక్కరూ అడవిలో అడుగు పెట్టరు. పెద్దలు మాటల్లో పడితే వాళ్లు కారులో కూర్చుని ఫోను చూస్తుంటారు.

ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆ భోజనానికి ముందు ఒక నడక పెట్టుకుందాం. చిన్నపిల్లల్ని వెంటబెట్టుకుని, గుట్ట మీదికో అడవి దారిలోకో, రెండు మూడు గంటల నడక. ఎంత వేగంగా నడవాలో, ఎక్కడ ఆగాలో పెద్దవాళ్లు కాదు, గుంపులో అందరికన్నా చిన్న పిల్ల తేల్చాలి.

మనది పచ్చటి సీమే కదా, మళ్లీ అడవి దేనికి అని మీకు అనిపించవచ్చు. నాగార్జునసాగర్ కాలువలకు 1967 ఆగస్టు 4న నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పొలాలు వరి మాగాణులయ్యాయి. మిర్యాలగూడ రైసు మిల్లుల ఊరైంది. బస్సు కిటికీలోంచి చూసే పిల్లకు కనుచూపు మేరా పచ్చదనమే. కానీ అది ఒకే పైరు, ఒకే ఎత్తు, నాటిన రోజు నుంచి కోసిన రోజు దాకా మనిషి లెక్కలో ఉండే పచ్చదనం. అడవిలో ఎవరూ నాటనిది మొలుస్తుంది. ఎవరూ పిలవనిది ఎదురవుతుంది. పసివాళ్లకు అది కావాలి. తెలంగాణలో అడవి బాగా తక్కువగా ఉన్న జిల్లాల్లో సూర్యాపేట ఒకటి. కాబట్టి మనకు మిగిలిన కాసిన్ని గుట్టలు, వాటి మీది చెట్లు, పొదలు మరీ విలువైనవి.

జాతీయ రహదారి మీద సూర్యాపేట దాటి కోదాడ వైపు పోతుంటే చివ్వెంల మండలంలో ఉండ్రుగొండ వస్తుంది. హైదరాబాదుకూ విజయవాడకూ మధ్య రేయింబవళ్లు పరుగెత్తే బండ్లలో అక్కడ ఆగేవి తక్కువ. గుట్ట మీద లక్ష్మీనరసింహస్వామి గుడి ఉంది. పాత కోట గోడలున్నాయి. బండల సందుల్లోంచి లేచిన చెట్లున్నాయి. చిన్నపిల్లలతో మొదటిసారి నడవడానికి మన ప్రాంతంలో ఇంతకన్నా మంచి చోటు నాకు తెలియదు. ఎందుకంటే పసివాళ్లకు ఊరికే నడవమంటే నడవబుద్ధి కాదు. అక్కడ ఏదో ఉందని తెలియాలి. గుడి ఉంది, గంట ఉంది, కోట గోడ ఉంది అంటే కాళ్లు వాటంతటవే కదులుతాయి. ‘ఈ గోడ ఎవరు కట్టారు? ఇంత పెద్ద రాయి ఎట్ల ఎత్తారు?’ అని మొదలైతే ఇక గుట్ట ఎక్కుతున్నామన్న సంగతే మరిచిపోతారు. ఆ ప్రశ్నలకు జవాబు తెలియకపోయినా ఫరవాలేదు. రాయి మీద చెయ్యి పెట్టి చూడమనండి.

సూర్యాపేట నుంచి జనగామ వైపు వెళ్లేవాళ్లకు నాగారం మండలంలో ఫణిగిరి ఉంది. అది అడవి కాదు, ఊరి పక్కన గుట్ట. ఆ గుట్ట మీద బౌద్ధ విహారాలు, స్తూపం శిథిలాలు బయటపడ్డాయి. అక్కడ దొరికిన తోరణపు శిల్పాన్ని 2023లో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ప్రదర్శించారు. పిల్లల కాళ్లకు అలవాటు చేయడానికి ఆ గుట్ట కూడా బాగుంటుంది. అయినా చెట్ల నీడ కోసం నేను ఉండ్రుగొండనే ముందు చెబుతాను.

ఇక నడక సంగతి. నాలుగేళ్ల పిల్లతో కిలోమీటరు నడవడానికి గంట పట్టవచ్చు. పట్టనివ్వండి. వంద అడుగులకు ఒకసారి ఆ పిల్ల కూర్చుంటుంది. కూర్చున్న చోట చీమల బారు ఉంటుంది. ఆ బారు ఎక్కడిదాకా పోతుందో చూడాలంటుంది. మనకేమో పైకి చేరాలన్న తొందర. ‘నడువు నడువు, గుడి మూసేస్తారు’ అంటాం. అక్కడే నడక చెడిపోతుంది. నేను గమనించింది ఏమిటంటే, పసివాళ్లు అలసిపోయి ఏడ్చేది తక్కువ, తరిమితే ఏడ్చేది ఎక్కువ. చీమలు పుట్టలోకి దూరేదాకా ఆగితే, తర్వాతి మలుపు దాకా అదే పిల్ల మనకన్నా ముందు ఉరుకుతుంది. గుడి దాకా చేరకపోయినా నష్టం లేదు. సగం గుట్టకే తిరిగొచ్చినా ఆ రోజు దండగ కాదు. ఇంకో మాట. ఎంత దూరం పోవాలన్నది తిరుగు దారిని బట్టి లెక్కవేసుకోవాలి. పిల్లలు పోయేటప్పుడు ఉత్సాహంగా పోతారు, వచ్చేటప్పుడు చంకెక్కుతారు. ఎత్తుకునే ఓపిక మనకెంత ఉందో అంత దూరమే పోవాలి.

ఈ నడకకు నాయనమ్మనో అమ్మమ్మనో తప్పక తీసుకెళ్లండి. మోకాళ్ల నొప్పులున్నా సరే, గుట్ట కింద నీడలో కూర్చున్నా సరే, ఆమె రావాలి. మన ఇళ్లలో చెట్ల పేర్లు తెలిసిన మనుషులు వాళ్లే. చిన్నప్పుడు కట్టెలకు, మేకల వెంట, విస్తరాకులకు చెలకల్లో గుట్టల్లో తిరిగినవాళ్లు. మధ్యతరం వాళ్లం మనం చదువులకని బయటికి పోయాం. మనకు వేపా తుమ్మా తప్ప మూడో పేరు రాదు. మనవరాలు ‘నాయనమ్మా, ఇదేం చెట్టు?’ అని అడుగుతుంది. ‘మోదుగ బిడ్డా. దీని ఆకులతోనే మేం విస్తర్లు కుట్టేది. హోలీకి దీని పూలు నానబెట్టి రంగు చేసేది’ అంటుంది ఆమె. ‘మరిదో?’ ‘అది తునికి. బీడీలు చుట్టే ఆకు. పండు తియ్యగుంటది.’ ఆ మాటలు విన్న పిల్లకు మోదుగ ఆకు మూడేసి చొప్పున ఎందుకుంటుందో చూడాలనిపిస్తుంది. ఏ పుస్తకమూ చేయలేని పని అది. ఆ ముసలామె కూడా మనవరాలి ముందు ఎన్నాళ్లకో తన చదువు విప్పుతుంది. ఆ ముఖం చూసినవాళ్లకు తెలుస్తుంది అదెంత సంతోషమో.

గుట్టకు ఒక్కో నెలలో ఒక్కో పండుగ. మృగశిర దాటి తొలకరి పడగానే నేల మీద ఎర్రటి మఖమల్ లాంటి ఆరుద్ర పురుగులు కనిపిస్తాయి. పట్టుకోకుండా పక్కన కూర్చుని చూస్తే పసివాళ్లకు పూట గడిచిపోతుంది. వానలు ముగిసే వేళకు బండల మీద సీతాఫలం చెట్లకు కాయలు కళ్లు తెరుస్తాయి. బతుకమ్మ రోజుల్లో తంగేడు బంగారంలా పూస్తుంది, చెలక గట్ల మీద గునుగు తెల్లబడుతుంది. పూలు కొనుక్కొచ్చే బతుకమ్మకూ, పిల్ల తన చేత్తో కోసుకొచ్చిన గునుగుతో పేర్చిన బతుకమ్మకూ చాలా తేడా ఉంది. కార్తీకంలో ఉసిరి. సంక్రాంతికి రేగుపండ్లు, భోగినాడు పిల్లల తల మీద పోసేవి అవే కదా. మాఘ ఫాల్గుణాల్లో ఆకు రాలిపోయి, మోడుల మీద మోదుగ ఎర్రగా విరగబూస్తుంది. ఆకు లేని ఆ అడవిని చూపించడం కూడా అవసరం. చెట్టు చచ్చిపోయిందని పిల్లలు బెంగపడతారు. నీళ్లు దాచుకోవడానికి ఆకు వదిలేసిందనీ, వానకు మళ్లీ చిగురిస్తుందనీ చెప్పి, వానాకాలంలో అదే చెట్టు దగ్గరికి మళ్లీ తీసుకెళ్లాలి. మార్చి నెలాఖరు నుంచి మాత్రం మానుకోండి. మన ఎండ పసివాళ్లతో నడిచే ఎండ కాదు.

పిట్టల సంగతి వేరే చెప్పాలా! పాలపిట్ట మన రాష్ట్ర పక్షి. దసరానాడు దాన్ని చూడటానికి పెద్దలంతా ఊరి బయటికి పోతారు. కూర్చున్నప్పుడు ఏదో మట్టిరంగు పిట్ట అనిపిస్తుంది. ఎగిరితే రెక్కల్లో నీలం భగ్గుమంటుంది. ఆ నీలాన్ని మొదటిసారి చూసిన పిల్ల నోరు తెరుచుకుని నిలబడిపోతుంది. నెమలి కూత, కౌజు పిట్టల గుంపు ఒక్కసారిగా లేచే చప్పుడు, చెట్టు మీద ఎర్రచీమలు ఆకులు కలిపి కట్టిన గూడు, పాము వదిలిన కుబుసం. వీటిలో ఏ ఒక్కటి దొరికినా ఆ పూటకు చాలు. పులి కనబడాలి, జింక కనబడాలి అని పిల్లలకు ఆశ పెట్టి తీసుకెళ్లకండి. ఉన్నది చూడనివ్వండి.

పిల్లల కంటి గురించి కూడా ఒక ముఖ్యమైన మాట చెప్పాలి. మూడు నాలుగు తరగతులకే కళ్లద్దాలు పెట్టుకుంటున్న పిల్లలు మన పట్టణాల్లో ఎంతమందో చూస్తూనే ఉన్నాం. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో 12 ప్రాథమిక పాఠశాలల్లో ఒక పరిశోధన జరిగింది. సగం బడుల్లో పిల్లల్ని రోజూ 40 నిమిషాలు అదనంగా ఆరుబయట ఉంచారు. మూడేళ్లు గడిచాక చూస్తే, మామూలు బడుల్లో నూటికి దాదాపు 40 మందికి దూరపు చూపు మందగించింది. ఆరుబయట తిరిగిన పిల్లల్లో అది నూటికి 30 మందికే వచ్చింది. ఆ ఫలితాలు 2015లో అచ్చయ్యాయి. ఆరుబయటి వెలుతురే దీనికి ముఖ్య కారణమని నేత్ర శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. ఒక్క ఆదివారం నడకతో కళ్లద్దాలు తప్పవు, నిజమే. కానీ బయట తిరగడంలో రుచి ఉందని పిల్లకు తెలిసేది ఆ ఆదివారమే. ఆ తర్వాత రోజూ సాయంత్రం వీధిలోకి పోతానని తనే అడుగుతుంది.

జాగ్రత్తల దగ్గర మాత్రం నేను కాస్త గట్టిగానే మాట్లాడతాను. పిల్లలకు చెప్పులు కాదు, మూసిన బూట్లు వేయండి. కాళ్ల నిండా ప్యాంటు ఉండాలి. పల్లేరు ముళ్లు, తుమ్మ ముళ్లు, తేళ్లు, అన్నిటికీ అదే రక్ష. రాయి కింద, పొదలో, చెట్టు తొర్రలో చెయ్యి పెట్టకూడదని బయల్దేరే ముందే చెప్పండి. దూలగొండి కాయల తీగ కనిపిస్తే పిల్లలకు చూపించి దూరంగా నడిపించండి. ఆ నూగు తగిలితే ఒళ్లంతా దురద. గురిగింజలు చూడటానికి ఎర్రగా నల్లగా ఎంతో ముద్దుగా ఉంటాయి, కానీ నమిలి మింగితే ప్రాణం మీదికి వస్తుంది. పసివాళ్లు దేన్నైనా నోట్లో పెట్టుకుంటారు కాబట్టి, పెద్దవాళ్లు చేతికిస్తే తప్ప ఏ గింజా ఏ పండూ తినకూడదన్నది మారని నియమం కావాలి. పాత కోటల్లో, కొండ చరియల కింద పెద్ద తేనెపట్లు ఉంటాయి. వాటి దగ్గర పొగ పెట్టవద్దు, రాయి వేయవద్దు, కేకలు వద్దు.

పాము కాటు ఎప్పుడో గాని జరగదు. కానీ జరిగితే ఏం చేయాలో ముందే తెలిసి ఉండాలి. మన దగ్గర ప్రాణం తీసేవి ముఖ్యంగా నాగుపాము, కట్లపాము, రెండు రకాల పింజరలు. ఈ నాలుగింటికీ పనిచేసే విరుగుడు మందు ఒక్కటే. తాడు బిగించి కట్టకండి, బ్లేడుతో కోయకండి, నోటితో పీల్చకండి, మంత్రం కోసం తిరగకండి. పిల్లను నడిపించకుండా, కరిచిన కాలు కదలకుండా చూసుకుంటూ 108కి ఫోను చేసి, తిన్నగా ఆసుపత్రికి చేర్చండి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడింటా ప్రభుత్వ ఆసుపత్రులున్నాయి. విరుగుడు మందు ఉందా లేదా అని బయల్దేరే ముందు ఒక ఫోను చేసి కనుక్కోవడంలో తప్పులేదు.

సద్ది విషయానికి వస్తే, పులిహోర, పెరుగన్నం, జొన్నరొట్టెలు, పల్లిపట్టీలు, మజ్జిగ. నీళ్లు అనుకున్నదానికన్నా ఎక్కువే పట్టుకెళ్లండి. గుట్ట మీద నీళ్లు దొరుకుతాయని నమ్ముకోవద్దు. తిండి గుడ్డ సంచిలో, బయటికి కనబడకుండా ఉండాలి. ప్లాస్టిక్ కవరు చేతిలో ఊగుతుంటే కోతులు వదలవు. వాటికి అరటిపండు ఇవ్వడం పుణ్యమని కొందరు అనుకుంటారు. అలా అలవాటుపడిన కోతే రేపు పసిపిల్ల చేతిలోది గుంజుకుంటుంది, గోళ్లతో గీరుతుంది. వంట మాత్రం గుట్ట మీద పెట్టుకోకండి. ఎండాకు పరిచిన అడవిలో ఒక్క నిప్పురవ్వ చాలు. రక్షిత అడవిలో నిప్పు పెట్టడం నేరం కూడా. ఇంట్లో వండుకుని పోయి, నాయనమ్మ చూపించిన మోదుగ ఆకులతో పిల్లలే విస్తర్లు కుట్టి, వాటిలో తింటే ఎంత బాగుంటుందో ఆలోచించండి. చీపురు పుల్లలు నాలుగు వెంట తీసుకెళ్తే చాలు.

ఒకసారి రుచి మరిగాక దూరపు అడవుల మీదికి మనసు పోతుంది. మిర్యాలగూడ వాళ్లకు సాగర్ దగ్గరే. సాగర్ దాటితే అటు ఆంధ్రప్రదేశ్‌లో ఎత్తిపోతల ఉంది, సుమారు 70 అడుగుల పైనుంచి నీళ్లు పడతాయి. అది నిలబడి చూసే చోటు, నడిచే చోటు కాదు. దేవరకొండ, డిండి మీదుగా పోతే మన్ననూరు. అక్కడి నుంచి అమ్రాబాద్ పులుల అభయారణ్యం. నల్లమలలో మన వైపు భాగం అది, 2,600 చదరపు కిలోమీటర్లకు పైనే. అక్కడ ఇష్టం వచ్చినట్టు నడవడానికి లేదు. అటవీ శాఖ బండిలో, వాళ్ల మనిషి వెంట ఉండగా ఫరహాబాదు వైపు వెళ్లి చూడాలి. జూలై నుంచి సెప్టెంబరు దాకా మూసి ఉంచుతారు. అటువైపే ఉన్న మల్లెల తీర్థానికి వందల మెట్లు దిగాలి. దిగిన పిల్లల్ని మళ్లీ పైకెక్కించే బలం ఉన్నవాళ్లే వెళ్లండి. నీటి గుండం దగ్గర పిల్లల చెయ్యి వదలకండి.

నల్లమల పేరు ఎత్తాక చెంచుల్ని తలుచుకోకుండా ఉండలేను. ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్త 1940లో వాళ్ల మధ్య గడిపి, 1943లో వాళ్ల మీద పుస్తకం ప్రచురించాడు. గడ్డలు తవ్వడానికి, తేనెకు, పండ్లకు పోయే తల్లిదండ్రుల వెంట పిల్లలూ పోవడం ఆ బతుకులో సహజం. ఏ గడ్డ ఎక్కడ దొరుకుతుందో, ఏ తీగ చేదో, ఆ పిల్లలకు ఎవరూ పాఠం చెప్పరు, వెంట నడుస్తూ నేర్చుకుంటారు. మన్ననూరు వైపు వెళ్లినప్పుడు చెంచు యువకులు దారి చూపిస్తే, మీ పిల్లల్ని వాళ్ల పక్కన నడవనివ్వండి. వాళ్లు ఆగిన చోట ఆగమనండి. వాళ్ల గూడేల్లోకి కెమెరాలు పట్టుకుని దూరడం మాత్రం వద్దు. అవి వాళ్ల ఇళ్లు.

వేరే దేశాల సంగతి చూస్తే, నార్వేలో నడక సంఘం 1868లోనే పుట్టింది. పసివాళ్లతో నడిచే కుటుంబాల కోసమే ఆ సంఘంలో ప్రత్యేక విభాగం ఉంది. అడవుల్లో కొండల్లో ఎవరైనా స్వేచ్ఛగా నడవవచ్చని అక్కడ 1957లో చట్టం చేశారు. మన జనం, మన అడవి వేరు. ఉన్న కాసింత అడవిలోకి అందరూ ఒక్కసారిగా పడితే అది మిగలదు. అనుమతి అడిగి వెళ్లడమే సరైన పద్ధతి. అడవి ఎక్కడిదైనా ముందు బీట్ ఆఫీసరునో రేంజి ఆఫీసునో అడగండి. అలాగే అటవీ శాఖ పెద్దలకూ నాదొక విన్నపం. ఉండ్రుగొండ లాంటి గుట్ట చుట్టూ పసివాళ్లూ ముసలివాళ్లూ నడవగలిగిన ఒక్క కిలోమీటరు బాట వేయండి. సిమెంటు వద్దు, మట్టి బాట చాలు. కూర్చోవడానికి బండలు, తాగడానికి నీళ్లు, ఆడవాళ్లకు మరుగుదొడ్డి, చెట్టు చెట్టుకూ తెలుగులో పేరు రాసిన పలక. జంతువుల బొమ్మలూ రంగుల ఊయలలూ అక్కడ అవసరం లేదు. పట్టణంలోని పార్కుల్లో అవి ఉన్నాయి.

ఆ బాట పడేదాకా ఆగనవసరం లేదు. గుడికి పోయే దారి ఎప్పటి నుంచో ఉంది. పొద్దున ఏడింటికి మొదలుపెడితే ఎండెక్కకముందే పిల్లలు తోటలోకి తిరిగొస్తారు, పంక్తిలో మొదటి వరుస వాళ్లదే అవుతుంది. ఈ ఆదివారానికి పిల్లల బూట్లు సరిపోతున్నాయో లేదో ఇవాళే చూసుకోండి.